మీకు తెలుసా? ‘కోహ్కా’ అంటే పైథాన్‌కి ఆరు

ఈ వారం శీర్షిక అంతా ఒకే కిటికీ గురించి. బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్లటి తెర, అందులో మిణుకుమనే చిన్న గీత. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ అనీ పవర్‌షెల్ అనీ, మాక్‌లోనూ లినక్స్‌లోనూ టెర్మినల్ అనీ అంటారు. దాన్ని చూడగానే చాలామందికి సినిమాల్లో హ్యాకర్ గుర్తొస్తాడు. అక్కడ జరిగేది మాత్రం మహా సాదా పని. ఒక వరుస కొడతాం, ఎంటర్ నొక్కుతాం, జవాబొస్తుంది. అంతే.

భిలాయిలో కోహ్కా–కురుద్ రోడ్డు మీద రూంగ్టా ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఊళ్లోనే ఛత్తీస్‌గఢ్ స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. కుటేలాభాటాలో ఐఐటీ ఉంది. ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగాలకని వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న తెలుగువాళ్ల మనవలు ఇప్పుడు కొలిమి దగ్గర కాదు, కీబోర్డు దగ్గర కూర్చుంటున్నారు. వాళ్ల ల్యాప్‌టాప్‌లో ఆ నల్ల కిటికీ కొన్ననాటి నుంచీ ఉంది. తెరిచినవాళ్లు తక్కువ. ఈ ముక్కలు వాళ్ల కోసం, వాళ్ల భుజం మీంచి తొంగిచూసే తాతల కోసం కూడా.

ముందే ఒక మాట. ఇక్కడ ఆదేశాలన్నీ మన లిపిలో రాస్తున్నాను. కీబోర్డు మీద కొట్టేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

✦

ఆ ఒక్క కిటికీలో మాట్లాడేవాళ్లు ఇద్దరని మీకు తెలుసా?

కిటికీ తెరవగానే మన ఎదుట ఉండేది ఆపరేటింగ్ సిస్టమ్. ఫోల్డర్లో ఏమున్నాయి, ఈ ఫైలు అక్కడ పెట్టు, ఆ ప్రోగ్రామ్ నడిపించు లాంటి మాటలే దానికి తెలుస్తాయి. అక్కడే ‘పైథాన్’ అని కొట్టి ఎంటర్ నొక్కితే మూడు బాణం గుర్తులు, >>>, వస్తాయి. కిటికీ మారలేదు, మనిషి మారాడు. ఇక నుంచి మీ ఎదుట ఉన్నది పైథాన్.

కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటివారంలోనే తప్పకుండా పడే గొయ్యి ఇక్కడే ఉంది. కొత్త ప్యాకేజీ దించుకోవాలంటే ‘పిప్ ఇన్‌స్టాల్’ అని కొట్టమని ఎవరో చెబుతారు. కుర్రాడు దాన్ని తీసుకెళ్లి >>> పక్కన కొడతాడు. ‘సింటాక్స్ ఎర్రర్: ఇన్‌వాలిడ్ సింటాక్స్’ అని ఎర్రగా వస్తుంది. మళ్లీ కొడతాడు, మళ్లీ అదే. స్పెల్లింగ్ తప్పేమో అని వెతుకుతాడు. స్పెల్లింగ్ శుభ్రంగా ఉంది. ఆ మాట చెప్పాల్సింది సిస్టమ్‌కి, చెప్పింది పైథాన్‌కి, అదీ తేడా. సి:\> లాంటిదో డాలరు గుర్తో ఉంటే సిస్టమ్, మూడు బాణాలుంటే పైథాన్. ఆదేశం కొట్టేముందు ఎడమవైపు ఏ గుర్తుందో ఒక్కసారి చూసే అలవాటు చేసుకుంటే ల్యాబ్‌లో సగం తిప్పలు తప్పుతాయి.

ఇంకో సంగతి. లినక్స్‌లో సాధారణంగా పైథాన్ ముందే ఉంటుంది. విండోస్‌లో ఉండదు. 2019 నుంచి విండోస్ 10లో, పైథాన్ లేకుండా ‘పైథాన్’ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుని, కావాలంటే ఇక్కడ ఉచితంగా దించుకోండి అంటుంది. అది వైరస్ కాదు, భయపడక్కర్లేదు.

✦

ప్రోగ్రామ్ రాయకుండానే పైథాన్ చేత లెక్కలు చేయించవచ్చు.

భిలాయి పేరు చెబితే రైలు పట్టా గుర్తుకు రావాలి. 260 మీటర్ల పొడవు ప్యానెళ్లుగా అతికి ఇక్కడి నుంచి రైల్వేకి పంపుతారు. మీటరుకి సుమారు 60 కిలోలు తూగే రకం కాబట్టి దాన్ని 60 కిలోల పట్టా అంటారు. ఒక్కో ప్యానెల్ ఎంత బరువు? మూడు బాణాల పక్కన 60*260 అని కొట్టండి. 15600 అని వస్తుంది. టన్నుల్లో కావాలా? ఆ అంకెను మళ్లీ కొట్టక్కర్లేదు. అడుగు గీత పెట్టి _/1000 అనండి. 15.6 వస్తుంది. అడుగు గీత అంటే ‘ఇందాక వచ్చిన జవాబు’ అని కన్సోల్‌కి, అంటే ఈ మూడు బాణాల కిటికీకి, అర్థం. కానీ ఈ సౌకర్యం కన్సోల్‌లోనే. ఫైలులో రాసిన ప్రోగ్రామ్‌లో ఇలా పనిచేయదు.

క్యాలిక్యులేటర్ చాలదా అనేవాళ్లు 2**1000 కొట్టి చూడండి. 302 అంకెల సంఖ్య మొత్తం, ఒక్క అంకె వదలకుండా తెర మీద పడుతుంది. అంతటి ఘనుడూ 0.1+0.2 అడిగితే 0.30000000000000004 అంటాడు. కంప్యూటర్ దశాంశాలను రెండంకెల పద్ధతిలో దాచుకోవడం వల్ల 0.1 దానికి ఖచ్చితంగా చిక్కదు. డబ్బు లెక్కలు పైథాన్‌లో చేసేవాళ్లు పైసల్లో, పూర్ణసంఖ్యల్లో చేసుకోవడం మంచిది.

✦

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ రోజు ఏ వారం?

పంచాంగం వెతకక్కర్లేదు. ఈసారి పైథాన్‌లోకి వెళ్లకుండా సిస్టమ్ దగ్గరే ‘పైథాన్ -ఎమ్ క్యాలెండర్ 1959 2’ అని కొట్టండి. ఆ నెల క్యాలెండర్ చిన్న పట్టీలా వస్తుంది. సోమవారంతో మొదలయ్యే వరుసలో 4వ తేదీ మూడో గడిలో ఉంటుంది. బుధవారం.

ఆ బుధవారం నుంచి ఐఐటీ భిలాయి శాశ్వత ప్రాంగణాన్ని ప్రధాని జాతికి అంకితం చేసిన 2024 ఫిబ్రవరి 20 దాకా ఎన్ని రోజులు? ‘డేట్‌టైమ్’ అనే మాడ్యూల్‌ని పిలిచి, ఒక తేదీలోంచి రెండోది తీసేస్తే 23757 అని చెబుతుంది. తేదీలు ఇచ్చేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. మన ఫారాల్లో అలవాటైనట్టు 02, 04 అని ముందు సున్నా పెడితే పైథాన్ ఒప్పుకోదు, ముందు సున్నాలు కుదరవని తప్పు చూపిస్తుంది. ఉత్త 2, ఉత్త 4 అనాలి. గుమాస్తాగిరీకి అలవాటుపడిన చేతులకి ఇది కాస్త కష్టమే.

✦

ఇప్పుడు శీర్షికలో మాట. ‘కోహ్కా’లో ఎన్ని అక్షరాలు?

ఒకటో తరగతి పిల్లాడిని అడిగితే రెండు అంటాడు. కో, హ్కా. వాడు చెప్పింది నిజం. పైథాన్‌ని అడుగుదాం. పొడవు చెప్పే ‘లెన్’ అనే మాటకి బ్రాకెట్లో, కొటేషన్ల మధ్య కోహ్కా ఇచ్చి ఎంటర్ నొక్కితే 6 అంటుంది. అదీ నిజమే. క, ఓత్వం, హ, పొల్లు, క, దీర్ఘం. మన గుణింతాన్ని యూనికోడ్ విడివిడి గుర్తులుగా దాచుకుంటుంది, పైథాన్ ఆ గుర్తుల్ని లెక్కపెడుతుంది. అదే మాటను యూటీఎఫ్-8 బైట్లుగా మార్చి లెక్కించమంటే 18. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడేసి బైట్లు మరి. ఒకే ఊరి పేరు, అడిగినవాళ్లని బట్టి రెండు, ఆరు, పద్దెనిమిది.

ఇది వినోదం కోసం చెప్పడం లేదు. పేరు గడిలో ఇరవై అక్షరాలు మించకూడదని ఏదైనా వెబ్ ఫారం అంటే, అది లెక్కపెట్టేది వీటిలో దేన్ని? బైట్లు లెక్కపెడితే మన మనిషి పేరు ఆరు గుర్తుల దగ్గరే తెగిపోతుంది. తెలుగు పేర్లు సగంలో నరికి అచ్చేసిన కార్డులు మీరూ చూసే ఉంటారు. ఫారం రాసే ప్రోగ్రామర్ ఒక్క నిమిషం కన్సోల్ తెరిచి ఒక తెలుగు పేరు మీద ‘లెన్’ కొట్టి చూస్తే చాలు.

అదే మాటను వెనక్కి తిప్పమని [::-1] పెడితే ఇంకా వింత. ‘హ్కాకో’ రాదు. దీర్ఘం ముందుకొచ్చి ఆనుకోవడానికి హల్లు లేక చుక్కల సున్నాకి వేలాడుతుంది, పొల్లు వెళ్లి వేరే హల్లుకి అతుక్కుంటుంది. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లోని ‘పాలిండ్రోమ్ ప్రోగ్రామ్’ని తెలుగు మాటల మీద యథాతథంగా నడిపితే తప్పులు రావడానికి కారణం ఇదే. ‘వికటకవి’కి తప్పు సమాధానం వస్తే రామలింగడు ఊరుకుంటాడా?

✦

పైథాన్‌లో తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు.

పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబరులో. అప్పటి నుంచి ప్రోగ్రామ్‌లో మనం పెట్టుకునే పేర్లు ఇంగ్లీషులోనే ఉండాలన్న నియమం లేదు. పొడవు = 260, బరువు = 60 అని రాసి, తర్వాత పొడవు*బరువు అనండి. 15600 వస్తుంది. అయితే భాషలో స్థిరంగా ఉన్న మాటలు, ఇఫ్, వైల్, ఫర్ లాంటి ఓ 35, మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి.

తెలుగు అంకెల సంగతి ఇంకా తమాషా. ౨౬౦ అని నేరుగా కొడితే చెల్లని అక్షరమని తిప్పికొడుతుంది. అదే ౨౬౦ని కొటేషన్లలో పెట్టి ‘ఇంట్’కి ఇస్తే బుద్ధిగా 260 అని చదువుకుంటుంది. 60తో గుణించమంటే గుణిస్తుంది కూడా. పాత దస్తావేజుల్లోని తెలుగు అంకెలను కంప్యూటర్‌కి ఎక్కించేవాళ్లకి ఇది పనికొచ్చే ముక్క.

తెలుగులో టైపు చేసేవాళ్లు తెలుసుకోవలసిన అదృశ్య శత్రువు ఒకటుంది. ‘మార్కెట్‌ధర’ అని రాసేటప్పుడు ‘ట్’ కింద ‘ధ’ వత్తు పడకుండా విడిగా ఉంచడానికి కీబోర్డు మధ్యలో ఒక కనిపించని గుర్తు పెడుతుంది. చదివే మనకి అది మేలు. పైథాన్‌లో అదే పేరు పెడితే మాత్రం ‘అచ్చుకాని అక్షరం యూ+200సి’ అని ఆగిపోతుంది. తెర మీద చూస్తే ఏ తప్పూ కనిపించదు. గంటసేపు కళ్లు కాయలు కాసేలా వెతికినా కనిపించదు, ఎందుకంటే అది కనిపించని అక్షరం. మార్గం ఒక్కటే: మార్కెట్_ధర అని అడుగు గీతతో విడదీయండి.

✦

లోపల ఇంత చక్కగా ఇమిడే తెలుగు, పైన తెర మీద ఎందుకు చెదిరిపోతుంది?

చాలా టెర్మినళ్లలో తెలుగు ముద్దగానో, విరిగిపోయో, ఉత్త డబ్బాలుగానో కనిపిస్తుంది. వత్తులు పక్కకి జరుగుతాయి, కర్సర్ ఒకచోట ఉంటే అక్షరం ఇంకోచోట పడుతుంది. తప్పు మన లిపిది కాదు, కిటికీ వంశానిది. కంప్యూటర్‌తో తొలినాళ్లలో మాట్లాడింది తెర మీద కాదు, టెలిటైప్ మీద. టెలిగ్రాం రోజుల నుంచి వచ్చిన యంత్రం అది. 1963లో వచ్చిన మోడల్ 33 సెకనుకి పది అక్షరాలు కాగితం మీద టకటకమని కొట్టేది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ అలాంటి యంత్రాల మీదే పెరిగింది. అక్షరం ఏదైనా ఒకే వెడల్పు, ఒక గడికి ఒక అక్షరం. కాగితం పోయి తెర వచ్చింది, తెర పోయి కిటికీ వచ్చింది, గడులు మాత్రం పోలేదు. ‘స్త్రీ’కి ఎన్ని గడులివ్వాలో ఆ వంశానికి ఎవరూ నేర్పలేదు.

లినక్స్‌లోనో మాక్‌లోనో ‘టీటీవై’ అని కొట్టి చూడండి, జవాబొస్తుంది. టెలిటైప్ పేరు ఇంకా అలాగే ఉంది. విండోస్‌లో రాసిన ఫైలు లినక్స్‌లో తెరిస్తే కొన్నిసార్లు వరుస చివర పిచ్చి గుర్తులు కనిపించేదీ ఆ యంత్రం పుణ్యమే. అచ్చు తలను ఎడమకి తోయడం ఒక ఆదేశం, కాగితం ఒక వరుస పైకి జరపడం ఇంకో ఆదేశం. విండోస్ వరుస చివర ఈ రెండూ పెడుతుంది, యూనిక్స్ వంశం రెండోది మాత్రమే పెడుతుంది. తెలుగు టైప్‌రైటర్ మీద క్యారేజీని ఎడమచేత్తో నెట్టినవాళ్లకి ఇంతకన్నా వివరించక్కర్లేదు.

✦

పైథాన్ దగ్గర కూర్చునే సిస్టమ్‌కి పని పురమాయించవచ్చు. ఈ ముక్క కాస్త పెద్దది, కాలేజీ పిల్లలు ఓపిగ్గా చదవాలి.

రోలింగ్ మిల్లులో పైనుండే అద్దాల గదిని పల్పిట్ అంటారు. అందులో కూర్చున్న ఆపరేటర్ కింద ఎర్రగా పరుగెత్తే ఉక్కుని చేత్తో ముట్టుకోడు, ఒక్కో మీట నొక్కుతూ ఒక్కో స్టాండుకి పని చెబుతాడు. పైథాన్ కన్సోల్‌ని అలా వాడుకోవచ్చు.

పాత పద్ధతి, ‘ఓఎస్’ అనే మాడ్యూల్ తెచ్చుకుని ఓఎస్.సిస్టమ్ అనడం. బ్రాకెట్లో కొటేషన్ల మధ్య ‘డీఐఆర్’ పెడితే ఫోల్డర్లోని ఫైళ్ల జాబితా వస్తుంది. దాని చివర ఒంటరిగా ఒక 0 వస్తుంది. ‘ఫైళ్లు సున్నా అంటోంది, మరి పైన ఇన్ని కనిపిస్తున్నాయేంటి’ అని తికమక పడేవాళ్లున్నారు. ఆ 0 ఫైళ్ల లెక్క కాదు. పని సవ్యంగా ముగిసిందని సిస్టమ్ ఇచ్చిన రసీదు. సున్నా కాక ఇంకేదొచ్చినా ఎక్కడో బెడిసికొట్టినట్టు. పైథాన్‌తో పాటు వచ్చే ఐడిల్ అనే ఎడిటర్‌లో విండోస్ మీద ఇదే చేస్తే, ఒక నల్ల కిటికీ మెరుపులా మెరిసి మాయమవుతుంది, చేతిలో 0 మాత్రం మిగులుతుంది. జాబితా ఆ మెరుపులోనే వచ్చి పోయింది.

జవాబు చేతికి చిక్కాలంటే ‘సబ్‌ప్రాసెస్’ మాడ్యూల్‌లోని ‘రన్’ వాడాలి. సిస్టమ్ చెప్పినదంతా పట్టి ఉంచమని, అక్షరాలుగా ఇమ్మని అడిగితే ఆ జాబితా మీ ప్రోగ్రామ్‌కి సరుకై వస్తుంది. పెద్ద పనులకి ఇదే సరైన దారి.

చేతి పనికి మాత్రం ఐపైథాన్ అంత సుఖం ఇంకోటి లేదు. 2001లో కొలరాడోలో భౌతికశాస్త్రం పరిశోధన చేస్తున్న ఫెర్నాండో పెరెజ్, ఉన్న కన్సోల్‌తో విసిగిపోయి సొంతానికి రాసుకున్నది అది. మొదటి రూపం 259 వరుసలే. అందులో ఆశ్చర్యార్థకం ! పెట్టి ఏం రాసినా అది నేరుగా సిస్టమ్‌కి వెళుతుంది. !డీఐఆర్ అంటే జాబితా. ఫైళ్లు = !ఎల్ఎస్ అంటే లినక్స్‌లో ఆ జాబితా ‘ఫైళ్లు’ అనే పేరు కిందకి వచ్చి కూర్చుంటుంది, ఇక దాన్ని పైథాన్‌తో మీ ఇష్టం వచ్చినట్టు జల్లెడ పట్టుకోవచ్చు. ఇద్దరు మనుషులు ఒకే వరుసలో మాట్లాడుకుంటున్నారన్నమాట. ఈ ఐపైథాన్ నుంచే జూపిటర్ నోట్‌బుక్ పుట్టింది. గూగుల్ 2017లో అందరికీ తెరిచిన కోల్యాబ్ కూడా ఆ ఇంటిదే. అందుకే కోల్యాబ్ గడిలోనూ ఆశ్చర్యార్థకం పనిచేస్తుంది. ల్యాప్‌టాప్ లేని విద్యార్థి ఫోన్ బ్రౌజర్‌లోంచే ఇవన్నీ చేసి చూడొచ్చు.

ఇక్కడ పెద్ద పెద్దవాళ్లూ జారిపడే మెట్టు ఒకటి. !సీడీ అని ఫోల్డర్ మారుస్తారు, తర్వాత ఫైలు అడిగితే లేదంటుంది. మార్చాను కదా! మార్చారు, కానీ ఆశ్చర్యార్థకం పెట్టిన ప్రతిసారీ సిస్టమ్ ఒక కొత్త మనిషిని పంపుతుంది. అతను ఆ ఫోల్డర్‌లోకి వెళ్లాడు, పనైపోగానే వెళ్లిపోయాడు. మీరు ఉన్నచోటే ఉన్నారు. మీరు స్వయంగా కదలాలంటే !సీడీ కాదు, %సీడీ. శాతం గుర్తుతో మొదలయ్యేవాటిని ఐపైథాన్‌లో మ్యాజిక్‌లంటారు. %టైమ్‌ఇట్ పెడితే ఒక వరుస నడవడానికి ఎంతసేపు పట్టిందో కొలిచి చెబుతుంది. పరీక్షలో ఏ పద్ధతి వేగమైనదని అడిగితే వాదించుకోకండి, కొలవండి.

విండోస్ వాడేవాళ్లకి అదనపు బెడద. అక్కడ ఫోల్డర్ల మధ్య గీత వెనక్కి వాలి ఉంటుంది. పైథాన్‌లో ఆ గీత పక్కన ‘ఎన్’ వస్తే కొత్త వరుస అని, ‘టి’ వస్తే పెద్ద ఖాళీ అని అర్థం. ‘న్యూ’ అనే ఫోల్డర్‌కి ఇంగ్లీషులో దారి రాస్తే పైథాన్ అక్కడ వరుస తెంపేసి, తప్పు చూపిస్తుంది. కొటేషన్ ముందు చిన్న ‘ఆర్’ ఒకటి పెడితే గొడవ ఉండదు.

✦

1991 మంచి ఏడాది. ఆ ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ అనే పరిశోధన సంస్థ నుంచి గైడో వాన్ రోసమ్ పైథాన్ 0.9.0ని లోకం మీదికి వదిలాడు. ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ గురించి మొదటిసారి చెప్పాడు. తెలుగు లిపికి చోటిచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్ కూడా ఆ ఏడాదిదే. మూడూ ఒకదానికొకటి తెలియకుండా పెరిగి, ఇప్పుడు ఒకే కిటికీలో కలుసుకుంటున్నాయి. పైథాన్ పేరుకి కొండచిలువతో సంబంధం లేదు, ‘మాంటీ పైథాన్’ అనే బ్రిటిష్ హాస్య టీవీ బృందానిది ఆ పేరు.

✦

విండోస్‌లో లినక్స్ కన్సోల్ రావడానికి ఒక హైదరాబాదీ హయాం కావాల్సి వచ్చింది. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చాడు. 2014 ఫిబ్రవరిలో సత్య నాదెళ్ల ఆ కుర్చీలోకి వచ్చారు. 2016లో విండోస్ లోపలే లినక్స్ ఆదేశాలు నడిచే ఏర్పాటును ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో పవర్‌షెల్ మూలరచనను అందరికీ తెరిచి, లినక్స్ మీద కూడా నడిచేలా ఇచ్చారు. 2020లో పదవీ విరమణతో విసుగెత్తిన గైడో వాన్ రోసమ్ కూడా వచ్చి ఆ కంపెనీలోనే చేరాడు. అధిపతి మారితే కంపెనీ భాష మారుతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

✦

కన్సోల్‌లోంచి బయటికి రావడం కూడా ఒకప్పుడు పరీక్షే. ‘ఎగ్జిట్’ అంటే పైథాన్ వెళ్లేది కాదు, ‘వెళ్లాలంటే బ్రాకెట్లు పెట్టి ఎగ్జిట్ అనాలి’ అని పాఠం చెప్పేది. ఏం కావాలో దానికి తెలుసు, చేయదు! 2024 అక్టోబరులో వచ్చిన 3.13తో ఆ బిగింపు పోయింది. ఉత్త ‘ఎగ్జిట్’ చాలు. రంగులొచ్చాయి. నాలుగు వరుసల కోడ్‌ని పై బాణంతో ఒక్కసారే వెనక్కి తెచ్చి దిద్దుకోవచ్చు.

✦

‘ఇంపోర్ట్ దిస్’ అని కొడితే పైథాన్ తత్వం పంతొమ్మిది వాక్యాల్లో వస్తుంది. రాసింది టిమ్ పీటర్స్.

✦

మూడు బాణాలు నచ్చలేదా? ‘సిస్’ మాడ్యూల్ తెచ్చుకుని, సిస్.పీఎస్1 = "చెప్పన్నా> " అని కొట్టండి. అప్పటి నుంచి ప్రతి వరుస ముందూ ‘చెప్పన్నా’ అని అడుగుతుంది. కిటికీ మూసేదాకా అంతే, మళ్లీ తెరిస్తే పాత బాణాలే.

✦

పైథాన్ కన్సోల్ నల్ల కిటికీలోనే ఉంటుందనుకోకండి. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో ఉంది, పటాలు గీసే క్యూజీఐఎస్‌లో ఉంది, యంత్ర భాగాల డ్రాయింగులు వేసే ఫ్రీక్యాడ్‌లో ఉంది. మూడూ ఉచితమే. ఒక నట్టు బొమ్మ గీసి దాన్ని వంద చోట్ల పెట్టాలంటే మౌస్‌తో వందసార్లు లాగక్కర్లేదు, అక్కడి కన్సోల్‌లో రెండు వరుసలు చాలు. మెకానికల్ చదివేవాళ్లు ‘కోడింగ్ మాకెందుకు’ అంటుంటారు. ఇందుకే.

✦

ఆఖరు ముక్క భయపెట్టడానికే రాస్తున్నాను.

ఈ కిటికీలో చెప్పిన పని అడ్డుచెప్పకుండా జరిగిపోతుంది. మౌస్‌తో ఫైలు తీసేస్తే రీసైకిల్ బిన్‌లో ఉంటుంది. ఇక్కడ ‘డెల్’ అనో లినక్స్‌లో ‘ఆర్ఎమ్’ అనో తీసేస్తే చెత్తబుట్టలోకి కూడా వెళ్లదు, పోయినట్టే. నడుస్తున్న పని ఏదైనా అదుపు తప్పిందనిపిస్తే కంట్రోల్, సి కలిపి నొక్కండి, ఆగిపోతుంది. వేరేచోట కాపీకి వాడే మీటలే ఇక్కడ సాధారణంగా బ్రేకు.

2024 నుంచి ఒక మోసం ప్రపంచమంతా తిరుగుతోంది. క్లిక్‌ఫిక్స్ అని పేరు పెట్టారు. ఏదో పేజీ తెరిస్తే ‘మీరు మనిషేనని నిరూపించుకోండి’ అంటుంది. మామూలుగా ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు ఎంచమంటారు కదా, ఇక్కడ అలా కాదు. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్, వి నొక్కండి, ఎంటర్ కొట్టండి అంటుంది. మూడు మెట్లు, చాలా సులువు. మీకు తెలియకుండా ఆ పేజీ ముందే ఒక ఆదేశాన్ని కాపీ చేసి పెట్టింది. మీరు మీ చేత్తోనే దాన్ని సిస్టమ్‌కి అప్పగించారు. అది బయటి నుంచి దొంగ ప్రోగ్రామ్ దించి, పాస్‌వర్డులు పట్టుకుపోతుంది. యాంటీవైరస్‌ని ఏమార్చడానికే ఈ ఎత్తు, ఎందుకంటే తలుపు తీసింది ఇంటివాళ్లే.

మీరు మనిషేనని తెలుసుకోవడానికి ఏ నిజమైన సైటూ మీ చేత ఆదేశం కొట్టించదు. కన్సోల్‌లో కానీ రన్ డబ్బాలో కానీ మీకు అర్థం కాని వరుసను, ఎంత పెద్దవాళ్లు పంపినా సరే, అతికించి ఎంటర్ కొట్టకండి. ఇంట్లో కొత్తగా ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పనులు చేసుకుంటున్న పెద్దవాళ్లకి ఈ ఒక్క మాట ఇవాళే చెప్పండి.